నేల దగ్గర మొదలుపెట్టిన గైడు: వెనిస్ సెయింట్ మార్క్స్ స్క్వేర్ వాకింగ్ టూర్

స్క్వేర్‌లో అడుగు పెట్టగానే నాన్నకి వీడియో కాల్ చేశాను. చర్చి ముఖం మీద మెరిసే బంగారు మొజాయిక్, ఎత్తైన గంట గోపురం, మూడు వైపులా వరస తప్పని ఆర్చీలు, అన్నీ ఫోను తిప్పి తిప్పి చూపించాను. అంతా చూసి ఆయన అడిగింది ఒకటే. "అది సరే అమ్మాయ్, కింద ఏం రాయి పరిచారు?"

మా నాన్న చీమకుర్తి పక్కన రామతీర్థం క్వారీల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు పట్టిన మనిషి. గుడికెళ్లినా, కల్యాణ మండపానికెళ్లినా ముందు వంగి నేల తడిమి చూస్తాడు. నేను అక్కడే ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో పదిహేడేళ్లుగా స్లాబుల క్వాలిటీ చూస్తున్నాను. షేడు కలిసిందా, లైను పడిందా, చుక్క సమానంగా ఉందా అని రోజుకి వందల స్లాబులు చూసే కళ్లు నావి. అయినా ఆ బూడిద రంగు రాయి ఏంటో చెప్పలేకపోయాను. రెండు గంటల తర్వాత చెప్పగలిగాను. ఆ జవాబు చెప్పిన వాకింగ్ టూర్ గురించే ఈ రివ్యూ.

మన వైపు నుంచి ఏటా సెప్టెంబర్ చివర్లో ఇటలీలోని వెరోనాలో జరిగే రాళ్ల ఎగ్జిబిషన్‌కి చాలామంది వెళ్తారు. స్టాల్‌లో నాలుగు రోజులు నిలబడి, చివర్లో ఒక్క రోజు దొరికితే రైలెక్కి వెనిస్ వెళ్లి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. మా ఆఫీసులో కూడా అంతే. "ఏముంది అక్కడ, పావురాలు, నీళ్లు" అన్నారు వెళ్లొచ్చినవాళ్లు. రాళ్ల పని చేసే మనం ఆ స్క్వేర్‌ని అలా చూసి వచ్చేస్తే చాలా పోగొట్టుకున్నట్టే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వెరోనా నుంచి రైల్లో గంటంపావు పట్టింది. స్టేషన్ బయట అడుగు పెడితే ఎదురుగా రోడ్డు ఉండదు, కాలవే. అక్కడ వాపొరెట్టో అనే నీళ్ల బస్సు ఎక్కి, పెద్ద కాలవ వెంట ముప్పావు గంట పోతే స్క్వేర్ వస్తుంది. మా అమ్మమ్మది కొత్తపట్నం వైపు ఊరు. బకింగ్‌హాం కాలవ మీద ఉప్పు మూటలు వేసుకుని పడవలు పోవడం తన చిన్నప్పుడు చూశానని చెప్పేది. ఇప్పుడక్కడ తూటికాడ తప్ప ఏమీ కనపడదు. కాలవ మీద కూరగాయలు, ఇటుకలు, చెత్త, అంబులెన్స్ కూడా పడవలోనే పోవడం చూసేసరికి అమ్మమ్మ మాటలు గుర్తొచ్చాయి.

టూర్ ఇంగ్లిష్‌లో. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేశాను, మనిషికి 42 యూరోలు, మన డబ్బుల్లో నాలుగు వేల పైనే. పన్నెండు మందిమి. గైడు అరవై దగ్గర పడిన స్థానికురాలు, తెల్ల జుట్టు, మెత్తటి బూట్లు. అందరూ చర్చి వైపు తిరిగి నిలబడితే ఆవిడ మమ్మల్ని వెనక్కి తిప్పి, "ముందు మీ కాళ్ల కింద చూడండి" అంది. నాకు అక్కడే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఆ బూడిద రాయి పేరు ట్రాకైట్. అగ్నిపర్వతపు రాయి. పాదువా దగ్గర యుగానియన్ కొండల నుంచి పడవల్లో తెచ్చారు. మధ్యలో తెల్లగా గీతలు గీసినట్టు కనపడే పట్టీలు ఇస్ట్రియా రాయి, అడ్రియాటిక్ సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చే గట్టి సున్నపురాయి. ఇప్పుడు కనపడే డిజైను 1723లో ఆంద్రియా తిరాలి అనే ఆర్కిటెక్టు వేసింది. అంతకు ముందు, 13వ శతాబ్దం నుంచి, ఇక్కడ ఎర్ర ఇటుక నేల ఉండేది. తిరాలి కొత్త నేల వేసేటప్పుడు స్క్వేర్ మట్టం దాదాపు ఒక మీటరు పైకి లేపారు. తర్వాత అరిగిన రాళ్లు మార్చారు గానీ గీత ఆయనదే. ఆ తెల్ల పట్టీలు సంతలో దుకాణాలు వరసలో పెట్టుకోవడానికి గుర్తుగా పనికొచ్చేవని చెబుతారట.

నేను మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. గరుకుగా ఉంది, తడి కాలు జారదు. అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి గానీ ముఖం మాత్రం పొట్టు లేవలేదు. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ని అద్దంలా పాలిష్ చేసి ఇలాంటి చోట వేస్తే, వాన పడిన రోజు ఒక్కరు నిలబడలేరు. బయటి నేలకి ఫ్లేమింగ్ ఫినిష్, అంటే మంటతో కాల్చి ముఖం గరుకు చేయడం, చేయమని మేం కస్టమర్లకి చెప్పేది అందుకే. మూడొందల ఏళ్ల క్రితం ఆ మనిషి రాయి ఎంచుకోవడంలోనే ఆ పని చేశాడు. గైడు నన్ను చూసి ఏం పని చేస్తావని అడిగింది. చీమకుర్తి అని చెబితే తెలియలేదు, ఫోన్‌లో నల్ల రాయి మీద బంగారు చుక్కలు చూపిస్తే "ఓ, గెలాక్సీ!" అంది. మన రాయి పేరు ఆవిడ నోట వినడం నాకు ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను.

అక్కడ ఉన్న మిగతా మైదానాలన్నిటినీ వెనిస్‌వాళ్లు కాంపో అంటారు. పియాజా అనే పేరు దీనికి ఒక్కదానికే. తొమ్మిదో శతాబ్దంలో ఇది చర్చి ముందు చిన్న ఖాళీ స్థలం. మధ్యలో అడ్డంగా ఒక కాలవ పారేది, దాని పేరు బతారియో. కాలవ ఒడ్డున ఒక చిన్న చర్చి కూడా ఉండేది. వెనిస్ పాలకుణ్ణి డోజే అంటారు. 1170ల్లో సెబాస్టియానో జియాని అనే డోజే ఆ కాలవ పూడ్పించి, ఆ చర్చిని తీసి అవతలి చివర కట్టించి, స్క్వేర్‌ని ఇంచుమించు ఇప్పుడున్నంత చేశాడు. అంటే మనం నడిచే రాళ్ల కింద ఒక కాలవ ఉంది. గైడు ఆ కాలవ పోయిన దారి వెంట మమ్మల్ని నడిపించింది. స్క్వేర్ పొడవు సుమారు 175 మీటర్లు. వెడల్పు రెండు చివర్లా ఒకటి కాదు, చర్చి వైపు 82 మీటర్ల దాకా ఉంటే అవతలి కొసన 57 దాకా వస్తుంది. అటు కొసన నిలబడి చర్చిని చూస్తే అది ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా అనిపిస్తుంది. కొలత చెప్పేవరకు నా కంటికి అది తెలియలేదు.

చర్చి గురించి ఆవిడ తక్కువే చెప్పింది, లోపలికి వెళ్లడం ఈ టూర్‌లో లేదు. ఇప్పుడున్న కట్టడం 1063లో మొదలైంది. పైన కనపడే నాలుగు గుర్రాలు నకళ్లు, 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ని కొల్లగొట్టినప్పుడు తెచ్చిన అసలువి లోపల భద్రంగా ఉన్నాయి. నెపోలియన్ వాటిని 1797లో పారిస్‌కి పట్టుకుపోతే 1815లో తిరిగొచ్చాయి. ఇవి ఏ వీడియోలో అయినా దొరుకుతాయి. నన్ను ఆపేసింది మాత్రం చర్చి దక్షిణం మూల. నలుగురు చక్రవర్తులు ఇద్దరిద్దరుగా కౌగిలించుకుని నిలబడ్డ విగ్రహం, ముదురు ఎరుపు పోర్ఫిరీ రాయి. ఈజిప్టు ఎడారి కొండల నుంచి తీసిన రాయి అది, చాలా మొండిది. రాయి కోసే డైమండ్ వైర్ సా లేని రోజుల్లో సుత్తి, ఉలితో ఆ మడతలు, ఆ కత్తి పిడులు ఎలా తీశారో! ఒకరికి పాదం లేదు, ఆ ఒక్క చోట తెల్లరాయితో అతికారు. అసలు పాదం ముక్క 1960ల్లో ఇస్తాంబుల్ (అప్పటి కాన్‌స్టాంటినోపుల్) తవ్వకాల్లో బయటపడి అక్కడి మ్యూజియంలోనే ఉంది. నేను ఆ కాలి దగ్గర ఐదు నిమిషాలు ఉండిపోయాను. గుంపు ముందుకు వెళ్లిపోయింది, పరుగెత్తి కలిశాను.

నీళ్ల ఒడ్డున రెండు పెద్ద స్తంభాలు. గ్రానైట్! ఒకటి బూడిద రంగు, ఒకటి ఎర్ర చాయ. ఒకదాని మీద రెక్కల సింహం, రెండోదాని మీద సెయింట్ థియోడర్. తూర్పు దేశాల నుంచి మూడు స్తంభాలు తెస్తే, ఒకటి దింపేటప్పుడు నీళ్లలో పడి బురదలో కూరుకుపోయిందని, మళ్లీ దొరకలేదని చెబుతారు. 12వ శతాబ్దంలో నికోలో బరట్టియేరి అనే మేస్త్రి మిగతా రెండూ నిలబెట్టాడట. తాళ్లు తడిపితే బిగుస్తాయి కదా, ఆ బిగువుతో కొంచెం కొంచెం లేపి కింద చెక్కలు దూర్చాడని కథ. కూలిగా ఆయన అడిగింది, ఆ రెండు స్తంభాల మధ్య జూదం బల్ల పెట్టుకునే హక్కు. ఇచ్చిన మాట తప్పలేక ఇచ్చారు గానీ, తర్వాత ఉరితీతలు కూడా అక్కడే పెట్టారు. వెనిస్‌వాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ రెండు స్తంభాల మధ్య నుంచి నడవరు. మా గైడు కూడా పక్కనుంచే తీసుకెళ్లింది. క్రేన్ ఉన్న రోజుల్లో కూడా ఇరవై టన్నుల బ్లాకు లేపుతుంటే మాకు ఊపిరి ఆగుతుంది. ఆ మూడో స్తంభం నీళ్లలో పడినప్పుడు ఒడ్డున ఉన్న కూలీల మొహాలు ఎలా ఉండి ఉంటాయో నేను ఊహించుకోగలను.

గంట గోపురం దగ్గర ఆవిడ ఇరవై నిమిషాలు ఆగింది, టూర్ మొత్తంలో ఇదే గొప్ప భాగం. ఎత్తు 98.6 మీటర్లు, 16వ శతాబ్దం మొదట్లో ఇప్పటి రూపానికి వచ్చింది. 1609లో గెలీలియో తన టెలిస్కోపుని వెనిస్ పెద్దలకి చూపించింది ఈ గోపురం మీదే. కానీ ఇప్పుడు మనం చూసేది ఆ గోపురం కాదు. 1902 వేసవిలో, గోపురం పాదం దగ్గరున్న లొజెట్టా అనే చిన్న మంటపం కప్పు బాగుచేస్తూ, గోపురం గోడలో పెద్ద గాడి కొట్టారు. కొద్ది రోజులకే గోడ మీద పగులు కనపడింది. పగులు పెరుగుతుందో లేదో తెలుసుకోవడానికి దాని మీద గాజు ముక్కలు బిగించారు. అవి చిట్లిపోయాయి. అదురుకి ప్రమాదమని స్క్వేర్‌లో బ్యాండు వాయించడం ఆపించారు. జులై 14 ఉదయం పది కొట్టకముందే గోపురం మొత్తం ఉన్నచోటే కుప్పకూలింది. ముందే జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క మనిషి చావలేదు. కాపలాదారు పిల్లి ఒకటి చనిపోయిందని చెబుతారు.

పగులు మీద గాజు ముక్క పెట్టి చూడటం అనగానే నా ఒళ్లు జలదరించింది. క్వారీలో పైగట్టు మీద నెర్రె విచ్చితే నాన్నావాళ్లు సున్నంతో గీత గీసి, మర్నాడు ఆ గీత తెగిందో లేదో చూసేవాళ్లు. తెగితే ఆ గట్టు కిందికి ఎవరూ దిగకూడదు. తెగినా దిగమన్నవాళ్లు ఉన్నారు, దిగి పోయినవాళ్లూ ఉన్నారు. ఆ ఊళ్లో ఆ రోజు సంగీతం ఆపి జనాన్ని పంపేసిన అధికారి ఎవరో గానీ మంచి పని చేశాడు.

కూలిన రోజే నగర సభ కూర్చుని మళ్లీ కట్టాలని తీర్మానం చేసింది. "ఎక్కడ ఉందో అక్కడే, ఎలా ఉందో అలాగే" అన్నది వాళ్ల మాట. పునాది పరీక్షిస్తే, బంకమట్టిలో వందల ఏళ్ల క్రితం దిగ్గొట్టిన చెక్క దుంగలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. గాలి తగలని బురదలో చెక్క పుచ్చదు. అయినా చుట్టూ కొత్తగా లార్చ్ దుంగలు దిగ్గొట్టి పునాది వెడల్పు చేసి కట్టారు. 1912 ఏప్రిల్ 25న, సెయింట్ మార్క్ పండగ రోజు, తెరిచారు. నలిగిపోయిన లొజెట్టాని ముక్కలు ఏరి, దొరికినవి దొరికినట్టు అతికి మళ్లీ నిలబెట్టారు. దగ్గరగా చూస్తే పాత ముక్క ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో కొన్ని చోట్ల తెలుస్తుంది. షేడు చూసే అలవాటున్నవాళ్లు తప్పక వెతకండి.

ఎదురుగా ఉన్న లైబ్రరీ కథ కూడా మన బిల్డింగ్ పనివాళ్లందరూ వినాల్సింది. జాకోపో సాన్సొవీనో 1537లో మొదలుపెట్టాడు. 1545 డిసెంబర్‌లో ఒక రాత్రి వంపు కప్పు కూలిపోయింది. ఆర్కిటెక్టుని జైల్లో పెట్టారు! పనివాళ్లు సెంట్రింగ్ ముందే తీసేశారని, దగ్గర్లో ఓడ ఫిరంగి పేల్చిన అదురు కూడా కారణమని ఆయన చెప్పుకున్నాడు. స్నేహితులు, వాళ్లలో చిత్రకారుడు టిషియన్ ఒకడు, అడ్డుపడితే బయటికొచ్చాడు, బాగుచేసే ఖర్చు మాత్రం నెత్తిన పడింది. కప్పు కూలితే ముందు సెంట్రింగ్ వాణ్ణి అనడం అప్పుడూ ఉందన్నమాట. ఆయన చేసిన గొప్ప పని ఇంకొకటి ఉంది. అప్పటిదాకా గంట గోపురం పక్క ఇళ్లకి అతుక్కుని ఉండేది. ఆయన కొత్త కట్టడాల వరసని వెనక్కి జరిపించాడు. అందుకే ఇప్పుడు గోపురం విడిగా, నాలుగు వైపులా కనపడుతూ నిలబడింది.

స్క్వేర్‌కి రెండు వైపులా ఉన్న పొడవాటి భవనాలు ప్రొక్యురేటర్లవి, అంటే చర్చి ఆస్తులు చూసే పెద్ద అధికారులవి. ఉత్తరం వైపుది 16వ శతాబ్దం మొదట్లో కట్టింది, కింద 50 ఆర్చీలు, పైన ప్రతి అంతస్తులో 100 కిటికీలు. దక్షిణం వైపుది 1580ల్లో స్కమోజీ అనే ఆర్కిటెక్టు మొదలుపెడితే 1640 ప్రాంతంలో లోంగేనా అనే ఇంకో ఆర్కిటెక్టు పూర్తిచేశాడు. మొదటిది చీర అంచులా పలచగా ఉంటుంది, రెండోది బరువుగా ఉంటుంది. నాకు మొదటిదే నచ్చింది. అవతలి కొసన, జియాని తిరిగి కట్టించిన ఆ చర్చిని 1807లో నెపోలియన్ మనుషులు కొట్టేసి తమ భవనం కట్టారు. చూడటానికి బాగానే ఉంది. కానీ రెండుసార్లు కూల్చిన ఆ చర్చి మీద నాకు జాలి కలిగింది.

డోజే ప్యాలెస్ పైగోడ మీద తెలుపు, గులాబీ రంగు రాళ్లు పలకల ముగ్గులా పేర్చి ఉంటాయి. తెల్లది ఇస్ట్రియా, గులాబీది వెరోనా రాయి. నాలుగు రోజులుగా వెరోనా వీధుల్లో అదే ఎర్ర రాయి మీద నడిచాను, అందులో నత్తగుల్లల్లాంటి శిలాజాలు కూడా చూశాను. మార్కాపురం పలక ఎక్కడ కనపడినా గుర్తుపట్టినట్టు, దాన్ని గుర్తుపట్టాను.

ఇక నచ్చనివి. చెవిలో పెట్టుకునే రిసీవర్ నాది మొదటి అరగంటలోనే గరగరమంది. మార్చమంటే అదనంగా తేలేదన్నారు. చాలాసేపు గైడు పక్కనే అంటిపెట్టుకుని నడవాల్సి వచ్చింది. 42 యూరోలు తీసుకుని ఒక్క స్పేర్ రిసీవర్ పెట్టుకోకపోవడం పెద్ద తప్పు. ఇంకొకటి, చివరి ఇరవై నిమిషాలు ఒక గాజు సామాన్ల షోరూమ్‌లోకి తీసుకెళ్లారు. బుకింగ్‌లో ఆ మాట లేదు. కొనమని బలవంతం చేయలేదు గానీ, ఆ ఇరవై నిమిషాలు క్లాక్ టవర్ దగ్గర ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! పైన గంట కొట్టే రెండు కంచు విగ్రహాలని నడుస్తూనే చూపించేశారు. ఇది గైడు తప్పు కాదు, కంపెనీ ఏర్పాటు. ఆవిడ మొహంలో కూడా ఇబ్బంది కనపడింది.

నీళ్ల సంగతి చెప్పాలి. ఊళ్లో అన్నిటికన్నా పల్లపు చోట్లలో ఈ స్క్వేర్ ఒకటి. సముద్రం పోటు ఎక్కువైతే నీళ్లు ఒడ్డు దాటి రానక్కర్లేదు, నేలలో ఉన్న డ్రైన్ల నుంచే పైకి ఉబుకుతాయి. 1966 నవంబర్ 4న పోటు 194 సెంటీమీటర్లు, 2019 నవంబర్ 12న దాదాపు 190. ఇప్పుడు సముద్రం నుంచి నీళ్లు లోపలికొచ్చే మూడు ముఖద్వారాల దగ్గర 78 ఇనుప గేట్లు పెట్టారు, 2020 అక్టోబర్ నుంచి పెద్ద పోటు వచ్చినప్పుడు లేపుతున్నారు. చిన్న పోటుకి లేపరు కాబట్టి చర్చి చుట్టూ విడిగా గాజు అడ్డుగోడ కట్టారు. గోడల్లోకి ఎక్కిన ఉప్పునీరు ఆరినప్పుడు ఉప్పు గట్టిపడి ఇటుకని లోపల్నుంచి పగలగొడుతుందని ఆవిడ చెప్పింది. కొత్తపట్నంలో అమ్మమ్మ ఇంటి గోడ ఏటా పొట్టు రాలేది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా నిలిచేది కాదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఉదయం తొమ్మిదికి ముందు మొదలయ్యే బ్యాచ్ తీసుకోండి, పదకొండు తర్వాత నేల కనపడనంత జనం. స్క్వేర్‌లో మెట్ల మీద కూర్చోకూడదు, నేల మీద కూర్చుని తినకూడదు, జరిమానా వేస్తారు. నేను పులిహోర డబ్బా పట్టుకుని తిరిగి తిరిగి, చివరికి దక్షిణం భవనాల వెనక ఉన్న రాయల్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చున్నాను. 1720 నుంచి నడుస్తున్న ఫ్లోరియన్ కాఫీ హోటల్ అక్కడే ఆర్చీల కింద ఉంది, బయట బ్యాండు వాయిస్తుంటే కూర్చున్నవాళ్ల బిల్లులో సంగీతానికీ విడిగా పడుతుంది. నేను బయట నిలబడి విన్నాను.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తీసేసిన ఒక్కటి రిసీవర్‌కీ, గాజు షోరూమ్‌కీ.

సాయంత్రం రైల్లో నాన్నకి మళ్లీ ఫోన్ చేసి ట్రాకైట్ అని చెప్పాను. రెండుసార్లు పలికించుకున్నాడు. నేను పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాడేమో, కాసేపాగి అడిగాడు. "తెల్ల పట్టీ పక్కన జాయింటు అంత సన్నగా ఉందే, అందులో ఏం నింపారు?" నేను అది అడగలేదు. గైడు ఇచ్చిన కార్డు మీది మెయిల్‌కి ఆ రాత్రే రాశాను, జవాబు రాగానే ఇక్కడ కలుపుతాను.